మూత మీది గీతలు

మీ ఇంట్లో దగ్గు మందు సీసా ఉంటే లేచి వెళ్లి ఒకసారి దాని మూత చూసి రండి. నేనెక్కడికీ పోను, ఇక్కడే ఉంటాను. మర తిప్పే మూత మీద ఇంకో చిన్న ప్లాస్టిక్ గిన్నె బోర్లించి ఉంటుంది. దాని మీద గీతలుంటాయి. ఆ గిన్నెను చూడగానే మీకేమనిపిస్తుంది? ఇందులో పోసి తాగాలి అనిపిస్తుంది. నాకూ అంతే. పెద్ద చదువులు చదివినవాడికైనా, అక్షరం ముక్క రానివాడికైనా ఆ గిన్నె చెప్పే మాట ఒక్కటే. ఇంత చిన్న సంగతి తెలియనట్టు నటించిన పెద్దమనుషుల గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాయడం నాకు చాలా ఆలస్యంగా అబ్బింది. నా మాటలు మొరటుగా తగిలితే తగలనివ్వండి, మెత్తగా చెప్పాల్సిన ముచ్చట కాదిది.

నాది నెల్లికుదురు దగ్గర పల్లె. పత్తి ఏరాను, మిరపకాయలు కోశాను. ఆ పనులు లేనప్పుడు జామాయిల్ తోటల్లో మొద్దుల బెరడు ఒలిచాను. పుస్తకాల్లో నీలగిరి చెట్టు అని రాసేది దాన్నే. కాగితం మిల్లు వాళ్లకు కావలసింది మొద్దు. మొద్దులు లారీ ఎక్కి వెళ్లిపోయాక కొనకొమ్మలు, వేలి లావు పుల్లలు, ఆకు రెమ్మలు నేల మీద మోకాలెత్తున మిగిలేవి. దాన్నంతా వేస్టు అనేవారు. పొయ్యికి పనికొచ్చినంత మేము మోపులు కట్టుకునేవాళ్లం, మిగతాదానికి అగ్గి పెట్టేవారు. అది కాలుతుంటే ఆ పొగకు చుట్టుపక్కల ఊళ్లలో మూసుకుపోయిన ముక్కులన్నీ తెరుచుకునేవి. ఇందులో ఏదో ఉందని అప్పుడే ఎవరైనా అనుకోవాల్సింది. అనుకున్నవాళ్లు ఉన్నారు, కానీ మా ఊళ్లో కాదు.

కొన్నేళ్లకు మానుకోట నుంచి కొత్తగూడ వెళ్లే దారి పక్కన రేకుల షెడ్లు లేచాయి. మహబూబాబాద్‌ను మేము మానుకోట అనే అంటాం. ఆ షెడ్లు తైలం ఫ్యాక్టరీవి. కూపుల్లో, అంటే చెట్లు నరికిన తోటల్లో, మిగిలిన రెమ్మలు ట్రాక్టర్ల మీద తెచ్చి పెద్ద పీపాల్లో కుక్కేవారు. కింద నుంచి ఆవిరి పంపి, పైకొచ్చిన ఆవిరిని గొట్టాల్లో చల్లబరిస్తే, నీళ్ల మీద తైలం తేలేది. పని అంతే. నన్ను ప్యాకింగ్ షెడ్డులో పెట్టారు. సీసా కడగడం, ఆరబెట్టడం, తైలం నింపడం, మూత బిగించడం, లేబుల్ అంటించడం. కొంతకాలానికి మేస్త్రిని చేశారు. ఎందుకంటే నా గొంతు పెద్దది, షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు వినపడుతుంది. చదువుతో పనిలేని మేస్త్రితనం అది.

షెడ్డులో ఉన్నది అందరూ ఆడవాళ్లే. చిట్యాల నుంచి కోడలిగా వచ్చిన ఒకామె ఉండేది. ఆమె నోటికి తాళం ఉండేది కాదు. "నా మొగుడు నా పక్కకు రావుడే బంద్ జేసిండు అక్కా, ఇంట్ల దవాఖాన వాసనొస్తందట" అనేది. మరుసటి రోజు "మళ్ల వచ్చిండు అక్కా, జలుబయ్యిందట" అనేది. అందరం నవ్వేవాళ్లం.

ఆ తైలంలో నిజంగా గుణం ఉంది, అది మొదట చెప్పాలి. లేకపోతే నేనేదో ఆ చెట్టు మీద పగబట్టానని అనుకుంటారు. మా షెడ్డులో పనిచేసిన వాళ్ల మంచాల్లో నల్లులు ఉండేవి కావు. నీళ్లలో నాలుగు చుక్కలు వేసి ఇల్లు తుడిస్తే ఈగ వాలేది కాదు. కొబ్బరినూనెలో కలిపి మోకాళ్లకు రాసుకుంటే పొద్దంతా నిలబడ్డ నొప్పి తగ్గేది. మరుగునీళ్లలో వేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పడితే ఛాతీ తేలికయ్యేది. చీరకు అంటిన గ్రీజు మరకను ఆ తైలమే తీసేది. అంతకంటే గట్టి గుణం ఒకటి మమ్మల్ని రోజూ సతాయించేది. దానికి బంకను కరిగించే శక్తి ఉంది. సీసా మీద చుక్క పడిందంటే, దాని మీద అంటించిన లేబుల్ ఎండిన పొక్కులా ఊడి చేతికొచ్చేది. అందుకని ప్రతి సీసానూ పొడిగుడ్డతో తుడిచి, చేతులు కడుక్కుని మరీ లేబుల్ అంటించేవాళ్లం. ఈ గుణం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ సంగతులన్నీ మాకు వివరంగా చెప్పింది ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే అమ్మాయి. జనగామ పిల్ల. చదువుకున్నదాన్నన్న బెట్టు లేదు. అన్నం మా దగ్గరే కూర్చుని తినేది, నా డబ్బాలో పచ్చి పులుసు లాక్కునేది. "ఇది మంత్రం గాదు అక్కా, చెట్టు తనను పురుగుల కాడికెల్లి కాపాడుకునేతందుకు తయారు జేసుకున్న మందు. పురుగును సంపేది మన కడుపుల పడితే మంచిజేస్తదా? పైన రాసుకోను మంచిదే, వాసన సూడను మంచిదే. లోపలికి మాత్రం పోవద్దు. పసిపిల్లలైతే ఇగ దగ్గరికే రానియ్యొద్దు" అని ఒకసారి మాతో చెప్పింది. మేనేజరుతోనైతే చాలాసార్లు చెప్పింది. ఆ చెప్పడం నేను నా చెవులతో విన్నాను.

మేనేజరు భూములున్న ఇంటివాడు. భూపాలపల్లి వైపు పెద్ద కుటుంబం, రాజకీయాల్లో చుట్టాలు. మాట తేనె. ఎవరినీ తిట్టేవాడు కాదు, కానీ ఎవరి మాటా వినేవాడు కాదు. తైలం మొదట్లో పెద్ద డబ్బాల్లో పట్నం వెళ్లేది. మనమే చిన్న సీసాల్లో పోసి అమ్ముకుందాం అన్న ఆలోచన ఆయనదే. ఒకరోజు అట్టపెట్టెల్లో సీసాలు దిగాయి. ఎక్కడో మూతపడ్డ దగ్గుమందు కంపెనీకి చేసి పెట్టిన సీసాలట, చవగ్గా దొరికాయట. గోధుమ రంగు సీసా, తెల్ల మూత, ఆ మూత మీద గీతల గిన్నె.

జనగామ పిల్ల ఒక గిన్నెను పట్టుకుని షెడ్డు మధ్యలో నిలబడింది. "సార్, ఇది వద్దు. ఇది సూస్తే తాగేది అనుకుంటరు."

"లేబుల్ మీద రాస్తున్నం గద మేడమ్, బయటికే వాడాలె అని."

"ఇంగ్లీషుల, అడుగున, చీమంత రాస్తున్నరు. తెలుగుల రాయుండ్రి, ఎర్రగ రాయుండ్రి. అసలు ఈ గిన్నెలే తీసెయ్యుండ్రి."

"గిన్నె ఉంటేనే సీసాకు అందం మేడమ్. కొనేటోనికి మందు లెక్క కనపడాలె" అన్నాడాయన నవ్వుతూ.

కనపడాలె అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ముల్లులా ఉంది.

ఆ ఏడు దసరాకు ఫ్యాక్టరీ ముందు టెంటు వేశారు. కూపుల్లో రెమ్మలు ఏరి ట్రాక్టర్లకు ఎత్తే ఆడవాళ్లందరినీ కొత్తగూడ వైపు ఊళ్ల నుంచి పిలిపించారు. పండక్కి తలా ఒక సీసా. మేనేజరు మెడలో దండ వేసుకుని తన చేతులతోనే పంచాడు. ఒక్కొక్కరితో ఫోటో దిగాడు. మైకు పట్టుకుని, "ఈ తైలం ఇంట్ల ఉంటే మీకు దవాఖానకు పోయే పనే లేదు. జలుబు, దగ్గు, కఫం, అన్నిటికి ఇదొక్కటే" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. జనగామ పిల్ల ఆ రోజు సెలవు పెట్టి జనగామ వెళ్లింది, ఆమెకూ పండగే కదా.

సీసా తీసుకున్న వాళ్లలో ఒక అవ్వ ఉంది. కొత్తగూడ అవతల చిన్న ఊరు. కొంచెం పోడు చేసుకుంటారు, ఇప్పపూలు, తునికాకు ఏరుకుంటారు, కూపు పడితే రెమ్మల పనికొస్తారు. ఎముకలగూడు లాంటి మనిషి, కానీ మోపు ఎత్తితే మాకంటే పెద్దది ఎత్తేది. కొడుకు, కోడలు మిరప కోతలకు వెళ్తే మనుమరాలిని ఆమే పెంచేది. పిల్ల ఇంకా బడికి కూడా పోని వయసు. ఆ పిల్ల లేకుండా అవ్వను నేనెప్పుడూ చూడలేదు, మోపు కట్టేటప్పుడు కూడా పక్కనే చెట్టు కింద కూర్చోబెట్టుకునేది.

చలి మొదలయ్యాక ఒకనాడు పొద్దున్నే రెమ్మల ట్రాక్టరు డ్రైవరు ఖాళీ ట్రాలీతో వచ్చాడు. దిగుతూనే, "అక్కా, ముసలమ్మ మనుమరాలు మన తైలం తాగిందట. మూర్ఛలొచ్చినయట. మానుకోట దవాఖానకు కొంచవొయిండ్రు" అన్నాడు.

నేను, జనగామ పిల్ల అతని ట్రాక్టరు మీదే వెళ్లాం. ఆమె దవాఖానలో దిగగానే పరుగెత్తి డాక్టరు దగ్గరికి పోయి, అది ఏ తైలమో, ఎంత బలమైనదో చెప్పింది. అది తెలిస్తే వైద్యం తొందరగా నడుస్తుందట. నేను వరండాలో ఆగిపోయాను. ఎందుకంటే అక్కడ గోడకు ఆనుకుని అవ్వ కూర్చుని ఉంది. ఒక చేతిలో సీసా, ఒక చేతిలో గీతల గిన్నె. రెండూ గట్టిగా పట్టుకుని ఉంది, ఎవరైనా గుంజుకుంటారేమో అన్నట్టు.

"ఎంత పోసినవ్ అవ్వా?" అన్నాను.

ఆమె గిన్నెను నా ముఖం ముందు పెట్టి గోటితో చూపించింది. "ఇగో, ఈ రెండో గీత. పోయినేడు దగ్గొస్తే నర్సమ్మ మందిచ్చి సూపెట్టింది, గిసొంటి గిన్నెనే. పొల్లకు రెండో గీత దాక పొయ్యాలె అవ్వా, ఎక్కువ పొయ్యొద్దు అన్నది. గట్లనే పోసిన. ఎండకు పట్టి సూసుకుంట పోసిన. గీత దాటలే బిడ్డా. సుక్క గూడ దాటలే."

ఆమె అజాగ్రత్తగా ఉండి ఉంటే ఏదో ఒక మాట అనేదాన్ని. ఆమె అంత జాగ్రత్తగా పోసింది. ఎవరో చూపించిన పద్ధతి ఒక్కసారికే పట్టుకుని, ఏడాది గుర్తుపెట్టుకుని, గీత దాటకుండా పోసింది.

లోపల నుంచి ఆమె కొడుకు వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల్లిని చూసి, "నీ చేతితోని ఇగ నా బిడ్డకు బుక్కెడు బువ్వ గూడ పెట్టకు అవ్వా" అన్నాడు. భయంలో ఉన్న తండ్రి మాట అది. దానికి నేను అతన్ని తప్పు పట్టను. కానీ అవ్వ ఆ మాటను అక్షరాలా పట్టుకుంది. గిన్నె గీత లాగే.

పిల్ల బతికింది. మానుకోట నుంచి వరంగల్ పంపారు, అక్కడ బాగు చేశారు. తిరిగొచ్చాక తండ్రి మనసు కూడా కుదుటపడింది. కానీ అవ్వ పిల్లకు తినబెట్టడం మానేసింది. పిల్ల ఒడిలోకి వస్తే కూర్చోబెట్టుకునేదట, మంచినీళ్లు అడిగితే మాత్రం పక్కింటి వాళ్లను పిలిచేదట.

అసలు నాకు మండింది, పిల్ల ఇంకా వరంగల్ దవాఖానలో ఉండగానే ఇక్కడ జరిగినదానికి.

దవాఖాన వాళ్లు పైకి రాస్తే విచారణకు ఆఫీసరు వస్తున్నాడని తెలిసిన రోజు మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. అంతకుముందు ఎప్పుడూ ఆ గదిలో నాకు కుర్చీ చూపించలేదు. ఆ రోజు ఆయనే జరిపాడు.

"కూసో అక్కా. చాయ్ తాగుతవా?"

"చాయ్ తాగే వచ్చిన సారు."

"రేపు ఆఫీసరు సారొస్తడు. దసరా మీటింగుల అందరికి తాగొద్దని నువ్వు చెప్పినవ్. గుర్తుందా?"

"నేనా?"

"నీ గొంతు పెద్దది గద. నువ్వు చెప్పితే అందరు వింటరని నేనే నీతోని చెప్పిచ్చిన" అన్నాడు, ఇద్దరం కలిసి ఏదో మంచి పని చేసినట్టు.

"సారు, మీటింగుల మైకు మీ చేతిలుండె. నా చేతిల చెప్పులుండె, చెప్పులు బయట ఇడువుమన్నరని."

ఆయన నవ్వాడు. "గదే అక్కా, జర ఆలోచన జెయ్యి. ఫ్యాక్టరీ ఉంటే నువ్వుంటవ్, వాళ్లందరుంటరు. ముసల్ది సదువురానిది. ఏదో పొరపాటు జేసింది. ఆమెను ఎవలు జైల్ల పెట్టరు. మాట వొక్కటే గద."

మాట ఒక్కటే. ఆ ఒక్క మాటతో అవ్వ, చెప్పినా వినకుండా మనుమరాలికి విషం పోసిన మనిషి అవుతుంది. సొంత కొడుకు ముందు, ఊరి ముందు. నేను లేచి వచ్చేశాను. షెడ్డుకొచ్చి సంగతి చెబితే చిట్యాలామె మొదటిసారి నవ్వకుండా మాట్లాడింది. "అక్కా, నువ్వు ఆయన చెప్పినట్టు చెప్పకపోతే మన పొట్ట మీద కొడతడు. చెప్తే ఆ ముసలమ్మ పాణం మీద కొట్టినట్టే. ఏం జేస్తవ్?"

"ఏం జేస్త? జరిగింది చెప్త."

"అయితే గంతే" అని ఆమె మళ్లీ సీసాలు తుడవడానికి కూర్చుంది.

ఆఫీసరు మరునాడు వచ్చాడు. పెద్దగా చెడ్డవాడేం కాదు. తొందరలో ఉన్నాడు, ఇంకెక్కడికో పోవాలి. తైలం వాసనకు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పక్కన రాసుకునే మనిషి. మేనేజరు, జనగామ పిల్ల, నేను నిలబడి ఉన్నాం.

"నువ్వేనా మేస్త్రివి? తాగొద్దని అందరికి చెప్పినవట గద?"

"చెప్పలే సారు."

మేనేజరు దగ్గాడు. "పెద్ద మనిషి సార్, మతిమరుపు."

"మరుపు లేదు సారు. నాతోనే ఎవలు చెప్పియ్యలే. తాగొద్దని ఆ రోజు ఎవలనలే. జలుబు, దగ్గు అన్నిటికి ఇదే అని మైకుల చెప్పింది ఈ సారే. ఊరంతా విన్నది."

జనగామ పిల్ల అందుకుంది. ఈ గిన్నెలు వద్దని తను ముందే చెప్పానంది. ఎప్పుడు, ఎవరి ముందు చెప్పిందో కూడా చెప్పింది. మేనేజరు మెత్తగా, "మేడమ్ కొత్త సార్, కొంచెం టెన్షన్ ఎక్కువ" అన్నాడు. ఆడపిల్ల నిజం చెబితే టెన్షన్ అవుతుంది, మగవాడు అబద్ధం చెబితే అనుభవం అవుతుంది.

ఆఫీసరు సీసా తీసుకుని తిప్పాడు. కళ్లద్దాలు పెట్టుకుని అడుగున వెతికాడు. "ఇగో, రాసే ఉంది గద, బయట వాడకానికి మాత్రమే అని."

"ఏ భాషల ఉంది సారు?" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. రాసుకునే మనిషి వైపు తిరిగి, పుస్తక భాషలో, నా ముందే చెప్పి రాయించాడు: "వాడినవారి చదువురానితనం వలన జరిగిన ప్రమాదం."

అంతే. మైకు లేదు, గిన్నె లేదు, గీత లేదు. అన్నీ పోయి అవ్వకు చదువు రాకపోవడం ఒక్కటి మిగిలింది. కొమ్మలు నరికి మొద్దు ఎత్తుకుపోయి మిగతాది వేస్టు అన్నట్టే ఉంది నాకు. అవ్వకు రాదు, నాకూ రాదు. ఆ లేబుళ్లు నా చేతులతోనే అంటించాను, అందులో ఏం రాసి ఉందో నాకూ తెలియదు. ఆ రోజు ఆయన అవ్వను అన్నాడు గానీ, దెబ్బ నాకూ తగిలింది.

ఆఫీసరు బండి గేటు దాటిందో లేదో, డీసీఎం వ్యాను లోపలికొచ్చింది. భూపాలపల్లి, చిట్యాల దుకాణాలకు పోవాల్సిన సరుకు అది. అవే సీసాలు, అవే గిన్నెలు, అవే లేబుళ్లు, పెట్టెలకు పెట్టెలు. మేనేజరు బయటికొచ్చి, "ఆ, ఎక్కియ్యిండ్రి" అన్నాడు. అవ్వ మనుమరాలు ఇంకా దవాఖాన నుంచి ఇంటికి కూడా రాలేదు.

నేను మొదటి పెట్టె దగ్గర కూర్చున్నాను. గుడ్డ తీసుకుని తైలంలో ముంచాను. ఒక సీసా ఎత్తి, గిన్నె ఊడబీకి గోనెసంచిలో వేశాను. లేబుల్ మీద గుడ్డ రుద్దాను. ఆ తైలం తన పని తాను చేసింది, కాగితం మెత్తబడి జారి నా ఒళ్లో పడింది. సీసా బోడిగా నిలబడింది.

చిట్యాలామె చూసింది. వచ్చి పక్కన కూర్చుంది. "జరుగు అక్కా. ఒక్కదానివే అన్ని ఊడబీకితే మాకేం మిగుల్తది?" అంది. తర్వాత ఇంకొకామె, తర్వాత అందరూ. జనగామ పిల్ల ల్యాబు నుంచి చిన్న డబ్బా తైలం తెచ్చి మా మధ్య పెట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని తనూ కూర్చుంది. షెడ్డంతా ఘాటు. కళ్లలో నీళ్లు కారుతున్నాయి, ఏడుపుకో తైలానికో ఎవరికీ తెలియదు, ఎవరూ తుడుచుకోలేదు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ఆయన గొంతులో తేనె అప్పుడు పోయింది. "ఏందిది? ఏం జేస్తున్నరు? ఏమన్న పిచ్చిలేసిందా?"

"ఏం లేదు సారు. ఈ తైలం బంకను తీస్తదని మేడమ్ చెప్పింది, పరీక్ష జేస్తున్నం. మంచిగనే తీస్తంది" అంది చిట్యాలామె.

"పోలీసులను పిలుస్త!"

"పిలువుండ్రి" అన్నాను. "వచ్చినోళ్లకు ఒక సీసా ఇస్త. గిన్నెతోని ఇస్త. దాన్ని సూసి ఏమనుకుంటున్నరో అడుగుత. నాకు సదువు రాదు సారు, అడుగుడొక్కటి వస్తది."

ఆయన పోలీసులను పిలవలేదు. పిలిస్తే దసరా మైకు ముచ్చట మళ్లీ లేస్తుందని ఆయనకు మాకంటే బాగా తెలుసు. డీసీఎం డ్రైవరు బీడీ వెలిగించబోయి, తైలం ఉందని గుర్తొచ్చి జేబులో పెట్టుకుని, ఖాళీ బండితోనే వెళ్లిపోయాడు.

మేమేదో గెలిచామని అనుకోకండి. జనగామ పిల్లను ఆ నెలలోనే పంపించేశారు. వెళ్లేటప్పుడు నా డబ్బాలో పచ్చి పులుసు ఆఖరిసారి తాగి పోయింది. నన్ను మేస్త్రితనం నుంచి తీసి బాయిలరు బూడిద ఎత్తే పనికి వేశారు, చేతనైనంత కాలం అక్కడే చేశాను. కొంతకాలానికి కొత్త సీసాలు వచ్చాయి, గిన్నె లేనివి, చుక్కలుగా పడేవి. తెలుగులో ఎర్ర అక్షరాలతో 'తాగరాదు, పిల్లలకు అందనీయరాదు' అని వేశారు. అది తన ఆలోచనేనని మేనేజరు వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడట. చెప్పుకోనీ. సీసా మారింది కదా. కానీ ఆఫీసరు రాయించిన మాట మారలేదు. అది ఎక్కడో ఫైల్లో ఇప్పటికీ అట్లాగే ఉండి ఉంటుంది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. లేబుళ్లు ఊడబీకిన రోజు ఒక్క సీసాను మాత్రం గిన్నెతో, లేబుల్‌తో కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. అందులో ఏముందో జనగామ పిల్ల చదివి చెబుతానంది. వద్దన్నాను. నేను చదవాలి అన్నాను.

మా వాడకట్టులో అంగన్‌వాడీ ఉంది. పని లేని రోజుల్లో, పిల్లలకు గుడ్డు పెట్టే వేళ దాటాక అక్కడికి వెళ్లి కూర్చునేదాన్ని. టీచరమ్మ సిగ్గుపడింది గానీ నేను పడలేదు. నా చుట్టూ నాలుగైదేళ్ల పిల్లలు. నేను 'ఖ' తప్పు రాస్తే ఒక పోరడు పలక లాక్కుని, "గట్ల కాదు అవ్వా, నీకేం రాదు" అనేవాడు. ఆఫీసరు అన్న మాటే వాడూ అన్నాడు. కానీ వాడు వెంటనే సరిగా ఎట్లా రాయాలో చూపించాడు.

అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక నేను మొదట చదివింది దేవుడి పుస్తకం కాదు, ఆ లేబుల్. చదివాక సీసా కొంగులో కట్టుకుని కొత్తగూడ బస్సెక్కాను.

సీతాఫలాల రోజులవి. అవ్వ ఇంటి ముందు గంపలో పండ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. మనుమరాలు బడి నుంచి వచ్చి పక్కన నిలబడింది, బాగా ఎదిగింది. పండు కావాలని అడుగుతోంది. అవ్వ గంప ఆమె వైపు జరిపింది. "తీసుకో బిడ్డా, నువ్వే ఒలుసుకో" అంటోంది. చేయి మాత్రం ఒడిలో పెట్టుకుంది.

నేను కూర్చుని సీసా బయటికి తీశాను. అవ్వ దాన్ని చూసి ముఖం తిప్పుకుంది. "ఎందుకు తెచ్చినవే దాన్ని?"

"సదువుదామని తెచ్చిన. నాకు సదువొచ్చింది ఇప్పుడు."

"నీకా?"

"నాకే. సదువురాక పోసినవని నిన్నన్నరు గద. ఏం రాసుందో ఇను." లేబుల్ మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం పట్టుకుని చదివాను. "ఇంటిల్లిపాదికీ ఆరోగ్య తైలం. జలుబు, దగ్గు, కఫం, ఒళ్లునొప్పులకు. చిన్నపిల్లలకు సైతం మేలైనది."

అవ్వ వింది. "ఇంకా?"

"తెలుగుల గంతే ఉంది."

"తాగొద్దని లేదా?"

"అది ఇంగ్లీషుల ఉంది, అడుగున. నాకు రాదు. నీ మనుమరాలు పెద్ద సదువు సదివితే సదువుతదేమో."

అవ్వ చాలాసేపు ఆ కాగితాన్ని చూసింది. చదువు రాని కళ్లతో, చదివినట్టే చూసింది. తర్వాత అంది: "అంటే నాకు సదువొస్తే ఏం జేసేదాన్ని? చిన్నపిల్లలకు గూడ మంచిదని సదివి, ఇంకో గీత ఎక్కువ పోసేదాన్ని గదనే!"

"పోసేదానివే అవ్వా."

"సదువు రాకనే నా బిడ్డ బతికింది."

నవ్విందో ఏడ్చిందో చెప్పలేను, రెండూ ఒకే ముఖం మీద ఉన్నాయి. ఆమె గంపలోంచి బాగా పండిన కాయ ఒకటి వెతికి తీసింది. రెండు చేతులతో చీల్చింది. గింజలు ఒక్కొక్కటే ఏరి పక్కన పడేసింది. మనుమరాలిని దగ్గరికి రమ్మని, "ఆ అను" అంది.

పిల్ల నోరు తెరిచింది.